కదలని రాజు, అరగని లక్క

అనగా అనగా, చిన్నేరు అనే ఏటికి ఆ ఒడ్డున ఒక రాజు, ఈ ఒడ్డున ఒక రాజు ఉండేవారు. ఆ ఒడ్డున ఉన్నది చింతగిరి. దాన్ని పురందరుడు ఏలేవాడు. ఈ ఒడ్డున ఉన్నది మొగలికోట. దాన్ని సోమభూపాలుడు ఏలేవాడు.

ఏరు పేరుకు తగ్గట్టు చిన్నదే. వానాకాలంలో రెండు ఒడ్లకూ సరిపడా నీళ్ళు వచ్చేవి. వానలు వెనకపట్టాక మాత్రం ఒక ఒడ్డుకే చాలేవి. పూర్వం ఆ నీళ్ళ కోసం రెండు రాజ్యాలవాళ్ళూ కర్రలు పుచ్చుకుని, ఆపైన కత్తులు పుచ్చుకుని, ఏటా కొట్టుకునేవారు. ఎన్ని తలలు పగిలినా ఏట్లో నీళ్ళు చెంబెడు కూడా పెరగలేదు.

చివరికి పెద్దలు విసిగిపోయి ఒక ఏర్పాటు చేశారు. ఏటా కార్తీక పున్నమి మర్నాడు ఏటి మధ్య ఇసుక దిబ్బ మీద ఇద్దరు రాజులూ కూర్చుని చదరంగం ఆడాలి. గెలిచినవారి తూము తలుపు ఎత్తాలి. ఓడినవారి తూము తలుపు వేసవి వెళ్ళేదాకా దించి ఉంచాలి. ఎవరి నెత్తురూ చిందదు. రెండో పంట ఒకరికి పండుతుంది, ఇంకొకరు మొదటి పంటతో సరిపెట్టుకుంటారు. మరుసటేడు మళ్ళీ ఆట.

మంచి ఏర్పాటే. అయితే మొగలికోట వరసగా ఆరేళ్ళు ఓడిపోయింది.

సోమభూపాలుడు ఆట రానివాడా అంటే, కాదు. గుర్రాన్ని అతను గెంతించినట్టు ఇంకొకరు గెంతించలేరు. బంట్లను ఒకదానికొకటి కాపలా పెట్టి గోడ కట్టినట్టు నడిపించేవాడు. ఎటొచ్చీ మొగలికోటలో ఒక ఆచారం ఉంది. అక్కడ చదరంగంలో రాజు కదలకూడదు.

రాజు నడక మీకు తెలిసే ఉంటుంది. ముందుకు, వెనక్కు, పక్కకు, ఐమూలకు, ఎటైనా వెళ్ళవచ్చు. కాని ఒక్క గడే. ఏనుగులాగా బారుగా పోలేడు, గుర్రంలాగా గెంతలేడు. శత్రువు చూపు పడే గడిలో కాలు పెట్టకూడదు. ఎదుటివాడు రాజును కొట్టడానికి సిద్ధమైతే "షా" అని చెప్పడం మర్యాద. షా చెప్పించుకున్న రాజుకు బతికే దారులు మూడు. మీదికి వచ్చినవాణ్ణి కొట్టడం ఒకటి. మధ్యలో ఎవరినైనా అడ్డం పెట్టడం రెండోది. తానే ఒక గడి తప్పుకోవడం మూడోది. మూడూ మూసుకుపోతే ఆటకట్టు.

మొగలికోటవాళ్ళు మూడో దారిని ముట్టుకునేవారు కాదు. ఎందుకంటే సోమభూపాలుడి తాత మేరుభూపాలుడు ఒక యుద్ధంలో తన చుట్టూ బాణాలు పడుతున్నా నిలబడ్డ చోటు నుంచి కదలలేదట. ఆస్థాన కవి దాని మీద నూరు పద్యాలు చెప్పాడు. "అడుగు కదపని ఱేడు" అని ఆయనకు బిరుదు వచ్చింది. అప్పటి నుంచి ఆ వంశంలో రాజు అడుగు కదపడం తలవంపు అయిపోయింది. పీఠం మీద రాజైనా అంతే, చదరంగపు పలక మీద రాజైనా అంతే. కొట్టలేక, అడ్డం పెట్టలేక చిక్కుకున్నప్పుడు సోమభూపాలుడు తన రాజును వేళ్ళతో పట్టుకుని మెల్లగా పడుకోబెట్టేవాడు. ఓడిపోయానని ఒప్పుకోవడం అన్నమాట. తప్పుకునే గడి పక్కనే ఖాళీగా ఉన్నా సరే.

ఓటమికి కారణం మాత్రం ఎక్కడెక్కడో వెతికేవారు. ఒక ఏడు పలక బాగాలేదని చందనపు చెక్కతో కొత్త పలక చేయించారు. ఓడిపోయారు. మరుసటేడు రాజుగారు కూర్చునే దిక్కు బాగాలేదని తూర్పు ముఖంగా కూర్చోబెట్టారు. ఎండ కళ్ళలో పడింది కాని ఆట కలిసిరాలేదు. ఆ తర్వాతి ఏడు దూరదేశం నుంచి ఒక చదరంగపు గురువును పిలిపించారు. ఆయన ఒక పూటంతా రాజుగారి ఆట చూసి, సాయంత్రానికి మూట సర్దుకున్నాడు.

"మహారాజా, మీకు నేర్పవలసింది ఒక్కటే మిగిలింది. అది మీరు నేర్చుకోరు," అని చెప్పి, ఇచ్చిన శాలువా కూడా అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ఒక్కటీ ఏమిటని అడగడం తలవంపని ఎవరూ అడగలేదు.

ఏడో ఏడు వచ్చింది. ఆ ఏడు వానలు సరిగా పడలేదు. మొదటి పంట మోకాలెత్తు పెరిగి ఎండిపోయింది. కార్తీక పున్నమి ఇంకా పది రోజులు ఉందనగా మూడు ఊళ్ళ పెద్దలు కోటకు వచ్చారు. వాళ్ళు ఏడవలేదు, గోల చేయలేదు. అందులో పెద్దవాడైన రైతు అప్పలస్వామి చేతులు కట్టుకుని చెప్పాడు.

"ఏలినవారికి దండాలు. గాదెల్లో గింజలు అడుగంటాయండి. విత్తనానికని దాచుకున్న వడ్లే ఇప్పుడు వండుకుంటున్నాం. ఈసారి రెండో పంట కూడా లేకపోతే పైయేడు చల్లడానికి గింజ ఉండదు. పడమటి దేశం పోయి ఎక్కడైనా బతుకుతాం. చెప్పకుండా పోవడం మర్యాద కాదని చెప్పడానికి వచ్చాం."

తిట్టినా బాగుండేది అనుకున్నాడు సోమభూపాలుడు. ఇంత మర్యాదగా వెళ్ళిపోతామని చెబుతుంటే ఏమనాలి? ఆ రోజు నుంచి అతనికి అన్నం సహించలేదు.

మొగలికోట చివర బొమ్మల వీధి ఉంది. అక్కడ నూకాలు అనే పనిమనిషి ఉండేది. పనిమనిషి అంటే అంట్లు తోమే మనిషి అనుకునేరు. కర్రను గుండ్రంగా తిప్పుతూ ఉలితో బొమ్మ దించి, దానికి రంగు లక్క అద్దడంలో ఆమెను మించిన పనిమనిషి రెండు ఒడ్లలోనూ లేదు. వయసు యాభై దాటింది. నోరు మెత్తనిది కాదు. చేయి మాత్రం వెన్న.

ప్రతి ఏడూ ఆటకు ముందు కోటలోని చదరంగపు కాయలు ఆమె దగ్గరికి వచ్చేవి. ఏడాదంతా అలవాటు కోసం ఆడి ఆడి లక్క పోయిన చోట ఆమె మళ్ళీ కొత్త లక్క అద్ది, మొగలి రేకుతో రుద్ది మెరుగు పెట్టి ఇచ్చేది. ఆ ఏడూ అలాగే పని ముగించి, కాయలను పెట్టెలో పెట్టుకుని తానే కోటకు తీసుకువచ్చింది.

రాజుగారు కొలువులో పీఠం మీద ఉన్నారు. పక్కన సింగన మంత్రి నిలబడి ఉన్నాడు. సింగనకు డెబ్బై ఆరేళ్ళు. మేరుభూపాలుడి కాలం నుంచి ఉన్నవాడు ఆయనొక్కడే. ఆచారాలకు ఆయనే కావలి.

నూకాలు పెట్టె తెరిచి, కాయలన్నిటినీ నేల మీద తలకిందులుగా పెట్టింది. తలలు కిందికి, అడుగులు పైకి.

"ఇదేం పని?" అన్నాడు సింగన. "రాజును తలకిందులు చేస్తావా?"

"కోప్పడకండి బాబయ్యా. ఒకటి చూపించి మళ్ళీ నిలబెట్టేస్తాను," అంది నూకాలు. ఆపైన రాజు వైపు తిరిగింది. "మారాజా, ఈసారి పైన మెరుగు పెట్టానుగాని అడుగున లక్క అద్దలేదు. తమరు చూడాలని అలాగే ఉంచాను. ఇవి బంట్లు. అడుగున లక్క పోయింది. ఇవి గుర్రాలు. అంచులు కూడా అరిగిపోయాయి. మంత్రి సంగతి చెప్పనే అక్కర్లేదు, కర్ర బయటపడింది. ఇదిగో, ఇది రాజు."

రాజు అడుగు నున్నగా, ఎర్రగా, అద్దంలా మెరుస్తోంది.

"ఈ లక్క మా అమ్మ అద్దింది. ఆ తర్వాత నాకు దీనితో పని పడలేదు. ఇన్నేళ్ళలో ఒక్క గీత పడలేదు," అంది నూకాలు.

"పడదు. అదే మా వంశం గొప్ప," అన్నాడు సోమభూపాలుడు. కాని ఆ మాట అతనికే చప్పగా వినిపించింది.

"గొప్పే అనుకుందాం మారాజా. మొన్న చింతగిరివాళ్ళు కూడా కాయలు నా దగ్గరికే పంపారు. ఆ ఒడ్డున లక్క పని ఎవరికీ రాదుగదా. వాళ్ళ రాజు అడుగున లక్క మచ్చుకైనా లేదు. వాళ్ళ బంటు కన్నా వాళ్ళ రాజే ఎక్కువ అరిగాడు. నాకు ఎత్తులూ తెలియవు, షాలూ తెలియవు. నాకు తెలిసిందల్లా అరుగుదల. అరిగిన రాజు ఆరేళ్ళుగా గెలుస్తున్నాడు. అరగని రాజు ఆరేళ్ళుగా పడుకుంటున్నాడు. చెప్పకపోతే తిన్న అన్నం ఒంటబట్టదని చెప్పాను."

సింగన ముఖం ఎర్రబడింది. "బొమ్మలు చేసుకునేదానికి రాజధర్మం ఎందుకు?" అని కసిరాడు.

నూకాలు కాయలన్నిటినీ మళ్ళీ తిన్నగా నిలబెట్టి, పెట్టె మూత వేసి, దండం పెట్టింది. "ఎందుకంటే బాబయ్యా, మా వీధివాళ్ళు తినేదీ ఆ వడ్లేగదా," అని వెళ్ళిపోయింది.

సోమభూపాలుడు ఆమెను శిక్షించలేదు, మెచ్చుకోనూ లేదు. ఆటకు మిగిలిన రోజులన్నీ ఆ ఎర్రని అడుగే అతని కళ్ళలో మెదులుతూ ఉంది.

కార్తీక పున్నమి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే ఇసుక దిబ్బ మీద పందిరి వేశారు. ఆ ఒడ్డున చింతగిరి జనం, ఈ ఒడ్డున మొగలికోట జనం. మొగలికోట రైతులు ఒట్టి చేతులతో రాలేదు. విత్తనం చల్లే బుట్టలు తెచ్చుకున్నారు. బుట్టల్లో ఏమీ లేదు. గెలిస్తే ఆ పూటే రాజుగారి గాదెలో మిగిలిన విత్తనం పంచుతామని మాట. ఓడితే ఆ బుట్టల్లోనే చెంబూ తపేలా సర్దుకుని బయలుదేరడమే.

మొగలికోట రాజుకు పందిరి కింద ఎత్తైన పీఠం వేశారు. ఆట ముగిసేదాకా దిగకూడదు, అదీ ఆచారమే. పురందరుడు మాత్రం మామూలు చాప మీద కూర్చుని, చెప్పులు పక్కన విడిచి, హాయిగా కాళ్ళు ముడుచుకున్నాడు. అతను చెడ్డవాడేమీ కాదు. నవ్వుతూ ఆడతాడు, నవ్వుతూ గెలుస్తాడు. ఆ నవ్వే సోమభూపాలుడికి మింగుడుపడేది కాదు.

ఆట మొదలైంది. జాముసేపు ఇద్దరూ సమానంగా నడిచారు. ఆపైన పురందరుడి గుర్రం ఒకటి బంట్ల వరుస మీంచి గెంతి వచ్చింది.

"షా," అన్నాడు పురందరుడు.

సోమభూపాలుడు చూశాడు. పక్కనే ఉన్న తన బంటుకు ఆ గుర్రం అందుతుంది. బంటుతో గుర్రాన్ని కొట్టాడు. ఈ ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు. మొదటి దారి పనిచేసింది.

మరికాసేపటికి పురందరుడి మంత్రి పలక నడిబొడ్డుకు వచ్చి నిలబడి రాజును సూటిగా చూశాడు.

"షా."

ఈసారి కొట్టేందుకు ఏదీ అందలేదు. సోమభూపాలుడు అంతకుముందే కుడి మూల నుంచి ముందుకు వచ్చి ఉన్న ఏనుగును పక్కకు జరిపి మధ్యలో అడ్డం పెట్టాడు. రాజు బతికాడు. ఏనుగు పోయింది. ఆ వెంటనే మంత్రులిద్దరూ ఒకరి చేతిలో ఒకరు పడిపోయారు. రెండో దారీ పనిచేసింది, కాని దానికి పెద్ద ఖరీదే అయింది. ఈ ఒడ్డున చప్పట్లు వినబడలేదు.

ఇప్పుడు పలక మీద కాయలు పలచబడ్డాయి. సోమభూపాలుడి రాజు మొదటి వరుస మధ్యలో, పుట్టిన గడిలోనే ఉన్నాడు. అదే వరుసలో ఎడమ మూలన మిగిలిన ఏనుగు ఉంది. పాపం, అది పొద్దుటి నుంచి ఏమీ చేయలేదు. ముందు తన బంటే అడ్డం. పక్కకు మూడు గళ్ళు పోతే తన రాజే అడ్డం. అటు పురందరుడి రాజు పలక అవతల, కుడి చివరి మూలలో ఒదిగి ఉన్నాడు. పక్కన తన ఏనుగే కావలి, ఐమూలన తన బంటే కావలి. ఇల్లు కట్టుకుని తలుపు వేసుకున్నట్టు హాయిగా ఉన్నాడు.

పురందరుడు తన రెండో గుర్రాన్ని ఎత్తి గెంతించాడు.

"షా," అన్నాడు మూడోసారి. అని, చెప్పుల కోసం చేయి చాచాడు. ఇక లేవవచ్చు అనుకున్నాడు.

సోమభూపాలుడు పలక మీదికి వంగాడు. ఆ గుర్రాన్ని కొట్టగల కాయ ఒక్కటీ దగ్గర్లో లేదు. అడ్డం పెడదామంటే, గుర్రం గెంతే జంతువు, దానికి మధ్యలో ఎవరిని నిలబెట్టినా పైనుంచి గెంతుతుంది. రెండు దారులూ మూసుకుపోయాయి. ఆరేళ్ళుగా ప్రతిసారీ ఇక్కడే ఆగిపోయాడు.

అతను తల ఎత్తి సింగన వైపు చూశాడు. సింగన కళ్ళు దించుకున్నాడు. ఒడ్డు వైపు చూశాడు. అప్పలస్వామి బుట్ట చంకలో పెట్టుకుని, ఏమీ అడగకుండా నిలబడి ఉన్నాడు. ఆయన వెనక బొమ్మల వీధి జనంలో నూకాలు ఉంది.

ఓడిన రాజు చేసే పని అతని వేళ్ళకు అలవాటే. రెండు వేళ్ళతో తన రాజును ఎత్తాడు. పడుకోబెట్టడానికి కొద్దిగా వంచాడు. అప్పుడు చిటికెన వేలికి ఆ రాజు అడుగు తగిలింది. నున్నగా, చల్లగా, ఒక్క గీత కూడా లేకుండా ఉంది.

చేయి ఆగిపోయింది. ఇందరు బిడ్డలు ఊళ్ళు వదిలి కాళ్ళు అరిగేలా నడిచి పోబోతున్నారు, ఈ ఒక్క రాజు అడుగు మాత్రం మెరుస్తూ ఉండాలా? సోమభూపాలుడికి సిగ్గేసింది. ఓడినందుకు ఎన్నడూ వేయనంత సిగ్గు.

అతను మొదటిసారి రాజు చుట్టూ ఉన్న గళ్ళను చూశాడు. మొదటి వరుస కాబట్టి వెనక గళ్ళు లేవు. మిగిలినవి అయిదు. కుడి పక్క గడి మీద శత్రువు ఏనుగు చూపు ఉంది. కుడి ఐమూల గడి ఆ గుర్రానికే అందుతుంది. ఎడమ పక్క గడి మీద దూరం నుంచి ఐమూలగా శత్రువు శకటు కన్నేసి ఉంది. ఎడమ ఐమూల గడిలో తన బంటే నిలబడి ఉన్నాడు. ఇక మిగిలింది ఒక్కటే, సరిగ్గా ఎదురుగా ఉన్న గడి. దాని మీద ఎవరి చూపూ లేదు.

ఇన్నేళ్ళూ తప్పుకోవడం అంటే వెనక్కు పోవడమే అనుకున్నాడు. తీరా చూస్తే ఖాళీగా ఉన్నది ముందు గడి.

సోమభూపాలుడు రాజును ఒక్క గడి ముందుకు జరిపి, బంటు పక్కన నిలబెట్టాడు.

పురందరుడి చేయి చెప్పుల మీదే ఉండిపోయింది. సింగన "ప్రభూ" అని మాత్రం అనగలిగాడు.

పురందరుడు ముందు ఆశ్చర్యపోయాడు, ఆపైన నవ్వాడు. "భూపాలా, ఎన్నాళ్ళకు నీ రాజుకు కాళ్ళు వచ్చాయి. నడవడం కొత్త కదా, ఎంత దూరం పోతాడో చూద్దాం," అన్నాడు. అతని కళ్ళన్నీ ఆ నడిచిన రాజు మీదే ఉన్నాయి. దూరంగా ఉన్న తన రెండో శకటును తెచ్చి, ఆ రాజు ముందుకు పోగల గడికి కాపలా పెట్టాడు. "ఇప్పుడు నీకు ముందు దారీ లేదు, వెనక దారీ లేదు. ఇంకొక్క ఎత్తుతో ఆటకట్టు."

అతని తప్పేమీ లేదు లెండి. ఆరేళ్ళుగా ఆ మొదటి వరుస మధ్యలో ఒక గోడ చూడటం అతనికి అలవాటు. గోడ లేచి పోతే ఆ వెనక ఏం కనబడుతుందో చూసుకోవాలని తోచలేదు.

సోమభూపాలుడికి కనబడింది. మొదటి వరుస ఈ మూల నుంచి ఆ మూల దాకా ఖాళీ. ఎడమ మూలన పొద్దుటి నుంచి పనిలేక నిలబడ్డ ఏనుగుకు ఇప్పుడు దారి ఉంది. అతను ఏనుగును ఎత్తి, బారుగా వరుసంతా దాటించి, కుడి మూలన దించాడు.

అక్కడి నుంచి పైదాకా నిలువు వరుసలో ఒక్క కాయ లేదు. ఆ వరుస కొసన పురందరుడి రాజు ఉన్నాడు.

"షా," అన్నాడు సోమభూపాలుడు, మెల్లగా.

పురందరుడు వంగి చూశాడు. ఏనుగును కొట్టేందుకు ఏదీ అందదు. మధ్యలో అడ్డం పెట్టేందుకు ఏదీ రాదు. రాజు తప్పుకుందామంటే పక్కన తన ఏనుగే, ఐమూలన తన బంటే. మిగిలిన ఒక్క గడీ ఆ నిలువు వరుసలోదే. కావలి పెట్టుకున్నవాళ్ళే దారి మూశారు. చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వుతూనే తన రాజును పడుకోబెట్టాడు.

"ఆటకట్టు," అన్నాడు. "నిజం చెప్పాలంటే, భూపాలా, ఆరేళ్ళుగా నేను సగం మనిషితోనే ఆడుతున్నాను. ఆ సంగతి నాకు తెలుసు. నీకు చెప్పలేదు. చెబితే నీళ్ళు నీ ఒడ్డుకు పోతాయిగదా."

"చెప్పినా నేను వినేవాణ్ణి కాదు," అన్నాడు సోమభూపాలుడు. ఇద్దరూ నవ్వుకున్నారు. చింతగిరి గాదెల్లో ఆరు రెండో పంటల ధాన్యం ఉంది. కాబట్టి ఆ ఒడ్డువాళ్ళకు ఓటమి మరీ అంత చేదుగా లేదు.

సోమభూపాలుడు పీఠం దిగి, ఇసుకలో నడిచి వచ్చి, ఏట్లో మోకాలి లోతున దిగాడు. తూము తలుపు గొలుసు తానే పట్టుకున్నాడు. అప్పలస్వామి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఆరేళ్ళుగా ఏడాదిలో సగానికి పైగా దించే ఉంచిన తలుపు కదా, పట్టుకుపోయి ఉంది. మూడు గుంజులకు లేచింది. నీళ్ళు కాలవలోకి దూకి, ఎండిన మట్టిని తడుపుకుంటూ పొలాల వైపు పరుగెత్తాయి. ఆ వాసనకు ముసలీ ముతకా కూడా కాలవ వెంట నడిచారు.

సింగన ఏటి ఒడ్డునే నిలబడిపోయాడు. రాజు తడి కాళ్ళతో వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

"మంత్రిగారూ, తాతగారి పరువు తీశానని నా మీద కోపమా?"

సింగన తల అడ్డంగా ఊపాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"నాయనా, నీకొక మాట చెప్పాలి. అరవై ఏళ్ళుగా చెప్పలేకపోయాను. ఆ యుద్ధంలో మీ తాతగారి పక్కన నేనున్నాను. అప్పటికి నాకు పదహారేళ్ళు. ఆయన పంతం పట్టి నిలబడలేదు. కాలు బెణికింది. అడుగు వేయలేక నిలబడ్డారు. ఆ రాత్రి మడమకు పసరు రాసింది నేనే. 'కదలగలిగితే అందరికన్నా ముందు నేనే చెట్టు చాటుకు పోయేవాణ్ణిరా సింగనా' అని ఆయనే నవ్వారు. తెల్లారేసరికి కవిగారు పద్యాలు మొదలుపెట్టారు. ఊరంతా పాడుకుంటుంటే ఆయన వద్దనలేకపోయారు. నేను నోరు విప్పలేకపోయాను. ఆ బొమ్మలావిడ పదిమందిలో నిలబడి నిజం చెబితే కసిరాను. తప్పు నాది."

సోమభూపాలుడికి నవ్వు పొంగుకొచ్చింది. బెణికిన ఒక్క కాలి కోసం మూడు తరాలు కదలకుండా కూర్చున్నాయి. అతని నవ్వు చూసి సింగన కూడా నవ్వాడు. ఆయన నవ్వగా ఆ రాజ్యంలో ఎవరూ చూడలేదు.

ఆ ఏడు మొగలికోటలో రెండో పంట మెండుగా పండింది. ఒక్క కుటుంబం కూడా ఊరు వదలలేదు. గాదెల్లో తిండికీ విత్తనానికీ ధాన్యం చేరింది. అందరికన్నా ముందు ఒక బండెడు వడ్లు బొమ్మల వీధిలో నూకాలు ఇంటికి వెళ్ళాయి. బండి తోలుకుంటూ సింగన మంత్రే వెళ్ళాడు. "అమ్మా, ఆ రోజు నోరు జారాను," అన్నాడు. "వడ్లు దించండి బాబయ్యా, ఎండ ఎక్కుతోంది," అంది నూకాలు. అంతే, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి కార్తీకానికి ముందు కాయల పెట్టె ఎప్పటిలాగే ఆమె దగ్గరికి వచ్చింది. నూకాలు అన్నిటికన్నా ముందు రాజును తీసి తలకిందులు చేసి చూసింది. ఎర్రని లక్క మీద సన్నగా గీతలు పడ్డాయి. ఒక అంచున కొంచెం లక్క లేచిపోయి కర్ర కనబడుతోంది. ఏడాదంతా రాజుగారు గట్టిగానే అలవాటు చేసినట్టున్నారు.

ఆమె అన్ని కాయలకూ కొత్త లక్క అద్దింది. రాజు అడుగున మాత్రం అద్దలేదు. ఆ గీతలను అలాగే ఉంచి, పైన మాత్రం మొగలి రేకుతో రుద్ది, మెరుగు పెట్టి పంపింది.

కాబట్టి పిల్లలూ, పరువు కోసం కదలనివాడు తనవాళ్ళ దారికే అడ్డంగా నిలుస్తాడు. వేళ ఎరిగి ఒక్క అడుగు వేసినవాడు తానూ బతుకుతాడు, తనవాళ్ళకూ దారి ఇస్తాడు.